ఫస్ట్ ప్లేస్ మెడల్: తల్లిదండ్రులు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్‌లో పొద్దున ఐదున్నరకు పిల్లలకు పరుగు నేర్పిస్తాను. 19 ఏళ్లుగా ఇదే పని. జిల్లా మీట్ అయిన మర్నాడు ఇక ఫోను ఆగదు. చంద్రగిరి నుంచి ఒకమ్మ, పుత్తూరు నుంచి ఒకాయన, చిత్తూరు నుంచి ఒక పీఈటీ సార్. అందరివీ దాదాపు అవే సందేహాలు. హడావుడిగా ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## పేరు ఇచ్చే ముందు

ఫస్ట్ ప్లేస్ మెడల్ అంటే అసలు ఏం చెప్తున్నట్టు మేడం?

ఆ రోజు, ఆ గ్రౌండ్‌లో, ఆ ఈవెంట్‌కు వచ్చినవాళ్లలో మీ బిడ్డ ముందున్నాడని చెప్తుంది. అంతకు మించి అది ఏమీ చెప్పదు. ఎంత వేగంగా పరిగెత్తాడో, ఎంతమందిని దాటాడో మెడల్ మీద రాసి ఉండదు. నీరజ్ చోప్రానే చూడండి. 2021లో టోక్యోలో జావెలిన్‌ను 87.58 మీటర్లు విసిరి ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. 2024లో పారిస్‌లో అంతకన్నా దూరం, 89.45 మీటర్లు విసిరాడు. వచ్చింది రజతం. ఆ రోజు పాకిస్తాన్ ఆటగాడు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు విసిరాడు మరి. రెండో మెడల్ వెనకున్న విసురే పెద్దది. అందుకే మా పిల్లలందరికీ ఒక అలవాటు చేశాను. ఇంటికి వెళ్లగానే మెడల్ రిబ్బన్ వెనక చిన్న చీటీ కుట్టి, దాని మీద తేదీ, ఈవెంట్, టైం, ఎంతమంది పరిగెత్తారో రాయాలి. ఆ నాలుగూ ఉంటేనే మెడల్‌కు అర్థం.

గోల్డ్ గ్యారంటీ అంటేనే మా వాడిని పంపిస్తాం. వస్తుందంటారా?

చెప్పలేను. పక్క లేన్‌లో ఎవరు నిలబడతారో ఎవరికీ తెలియదు. నేను చెప్పగలిగింది మీ వాడి టైం ఒక్కటే. పోయిన నెల 400 మీటర్లు 64 సెకన్లలో పరిగెత్తిన పిల్లాడు ఈ నెల 62లో వస్తున్నాడంటే వాడు పోటీకి సిద్ధంగా ఉన్నట్టే. పంపించండి. గ్యారంటీ అడిగి పంపితే ఆ మాట వాడి చెవిలో పడుతుంది, స్టార్టింగ్ లైన్ దగ్గర కాళ్లు బిగుసుకుపోతాయి. అలా బిగుసుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను.

వాట్సాప్‌లో 'నేషనల్ లెవెల్ ఛాంపియన్‌షిప్' అని వచ్చింది. డబ్బు కట్టమంటున్నారు. వెళ్లచ్చా?

ముందు మూడు విషయాలు అడగండి. నిర్వహిస్తున్న సంఘానికి కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ గుర్తింపు పొందిన ఫెడరేషన్‌తో సంబంధం ఉందా? జిల్లా, రాష్ట్ర స్థాయిలో సెలక్షన్స్ జరిగాయా, లేక డబ్బు కట్టినవాళ్లందరూ నేరుగా నేషనల్స్‌కేనా? మీ పిల్లవాడి విభాగంలో ఎంతమంది పేర్లు ఇచ్చారు?

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం నా దగ్గర నేర్చుకునే ఒక పిల్లను నేనే అలాంటి మీట్‌కు పంపాను. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ప్రయాణం, ఎంట్రీ ఫీజు, బస అన్నీ కలిపి అప్పు చేసి పంపాడు. పిల్ల గోల్డ్‌తో వచ్చింది. ఫైనల్లో ఎంతమంది పరిగెత్తారు తల్లీ అని అడిగితే 'ఇద్దరం మేడం' అంది. ఆ తర్వాత కాలేజీ సీటుకు ఆ సర్టిఫికెట్ పెడితే పక్కన పెట్టేశారు. ఆ తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి నేను విచారించకుండా ఏ పిల్లనూ పంపలేదు. సందేహం ఉంటే జిల్లా క్రీడాప్రాధికార సంస్థ ఆఫీసుకు వెళ్లి ఆ సంఘం పేరు చెప్పి అడగండి. అది మీ హక్కు.

వయసు ఏడాది తగ్గించి వేయిస్తే అండర్-14లో ఈజీగా గోల్డ్ వస్తుందంటున్నారు. అందరూ చేస్తున్నారట కదా?

చేయకండి. ఆ వయసులో ఏడాది తేడా అంటే కాళ్ల పొడవులో, ఊపిరిలో, బలంలో పెద్ద తేడా. పద్నాలుగేళ్ల పిల్లాడు పదమూడేళ్ల పిల్లాడిని దాటడం గెలుపు కాదు. దొరికితే మెడల్ వెనక్కి తీసుకుంటారు, నిషేధం పడుతుంది. దొరకకపోయినా ఆ పిల్లవాడికి నిజం తెలుసు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలవాళ్లకు వేరే చెప్పాలా? కాణిపాకం స్వామి ఎదుట నిలబడి ఈ పుట్టినతేదీ నిజమని ప్రమాణం చేయగలరా అని మిమ్మల్ని మీరే అడగండి.

మొదటి స్థానానికి బంగారం ఇవ్వడం ఎప్పటి నుంచి ఉంది?

అనుకున్నంత పాతది కాదు. పాత గ్రీకు ఒలింపిక్స్‌లో గెలిచినవాడికి ఇచ్చింది ఆలివ్ కొమ్మతో అల్లిన కిరీటం. 1896లో ఏథెన్స్‌లో ఆధునిక ఒలింపిక్స్ మొదలైనప్పుడు మొదటి స్థానానికి ఇచ్చింది వెండి పతకం. మూడో స్థానానికి ఏమీ లేదు. స్వర్ణం, రజతం, కాంస్యం అనే వరస 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌తో వచ్చింది. మెడలో వేయడం ఇంకా తర్వాతి సంగతి. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో గొలుసుతో వేశారు, అంతకుముందు చేతికి ఇచ్చేవాళ్లు. మన భాషలో మాత్రం మెడకూ పతకానికీ సంబంధం పాతదే. హారానికి వేలాడే నగను పతకం అనేవాళ్లు. తిరుచానూరు అమ్మవారి అలంకారం చూసినవాళ్లకు ఆ మాట విడిగా చెప్పక్కర్లేదు.

## పోటీ రోజు

హీట్‌లో మా పాపే ఫస్ట్ వచ్చింది. మెడల్ ఎందుకు ఇవ్వలేదు?

హీట్ అంటే ఫైనల్‌కు ఎవరు వెళ్లాలో తేల్చే పరుగు. పిల్లలు ఎక్కువమంది ఉంటే నాలుగైదు గుంపులుగా పరిగెత్తిస్తారు. మెడల్ ఫైనల్‌కే. హీట్‌లో ముందొచ్చిందని పాపకు కడుపునిండా తినిపించేసి, ఫైనల్‌కు పిలిచేసరికి పరిగెత్తలేక కూర్చుండిపోయిన సందర్భాలున్నాయి. ఫైనల్ అయ్యేదాకా అరటిపండు, కొంచెం నీళ్లు చాలు.

మా వాడి తల ముందు దాటింది, వీడియో కూడా ఉంది. సెకండ్ ఎలా ఇస్తారు?

పరుగులో తల లెక్కలోకి రాదు. చెయ్యి, కాలు కూడా రావు. మొండెం, అంటే మెడకూ నడుముకూ మధ్య భాగం, ఫినిష్ లైన్‌ను ఎప్పుడు చేరిందన్నదే లెక్క. అందుకే చివరి అడుగులో ఛాతీని ముందుకు వంచమని పిల్లలకు గొంతు పోయేలా చెప్తుంటాం. 1984 లాస్ ఏంజెలిస్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో కాంస్యాన్ని పోగొట్టుకున్నది సెకనులో వందో వంతు తేడాతో. మీ సెల్‌ఫోన్ వీడియో పక్క నుంచి, ఏటవాలుగా తీసింది కాబట్టి దాన్ని నమ్ముకోలేం. అభ్యంతరం ఉంటే ఫలితం ప్రకటించిన వెంటనే టీమ్ మేనేజర్ చేత చెప్పించాలి. గ్రౌండ్‌లో అరిస్తే మీ పిల్లవాడికే చిన్నతనం.

ఇద్దరూ సమానంగా వస్తే గోల్డ్ ఎవరికి?

ఆటను బట్టి ఉంటుంది. టోక్యోలో హైజంప్ ఫైనల్లో ఖతార్ ఆటగాడు బర్షిమ్, ఇటలీ ఆటగాడు టాంబెరి ఇద్దరూ 2.37 మీటర్లు దూకారు, తప్పిన ప్రయత్నాల లెక్క కూడా సమానం. కావాలంటే ఇంకోసారి దూకి తేల్చుకోవచ్చని అధికారి చెప్పాడు. ఇద్దరికీ గోల్డ్ ఇవ్వచ్చా అని బర్షిమ్ అడిగాడు, అధికారి ఇవ్వచ్చన్నాడు, ఇద్దరూ ఒకరినొకరు వాటేసుకున్నారు. రజతం ఎవరికీ ఇవ్వలేదు, తర్వాతివాడికి కాంస్యం. మా పిల్లలకు ఆ వీడియో ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు, ప్రతిసారీ నాకు కళ్లు తడుస్తాయి.

ఈవెంట్‌లో ముగ్గురే ఉన్నారు. ఆ గోల్డ్‌కు విలువ ఉందా?

పిల్లవాడి టైం బాగుంటే ఉంది. హ్యామర్ త్రో, నడక పోటీల్లాంటివాటికి మన జిల్లాల్లో పిల్లలే తక్కువ వస్తారు. ముగ్గురే ఉన్నారన్న తప్పు వచ్చిన ముగ్గురిదీ కాదు. రాష్ట్ర స్థాయిలో పోయినేడు గెలిచినవాళ్ల కొలతలు తీసుకుని మీ వాడిది పక్కన పెట్టి చూడండి, విలువ మీకే తెలుస్తుంది.

కబడ్డీ టీమ్‌కు గోల్డ్ వచ్చింది. మా వాడు మ్యాచ్‌లోకే దిగలేదు. ఆ మెడల్ వాడిదేనా?

వాడిదే. కబడ్డీలో బరిలో ఉండేది ఏడుగురే, మిగతావాళ్లు బయట కూర్చుని ఎదురుచూస్తారు. ఆ ఏడుగురు ప్రాక్టీసులో ఎవరిని పట్టి నేర్చుకున్నారు? మీ వాడినే కదా. ఒలింపిక్ రిలేలో హీట్ మాత్రమే పరిగెత్తి ఫైనల్లో లేనివాళ్లకు కూడా మెడల్ ఇస్తారు. వాడితో 'నువ్వు ఆడలేదు కదా' అని దయచేసి అనకండి.

## మెడల్ మెడలో పడ్డాక

ఇది నిజమైన బంగారమేనా?

కాదు. జిల్లా, రాష్ట్ర మీట్‌లలో ఇచ్చేవి జింకు మిశ్రమం, ఇనుము లాంటి లోహాలకు బంగారు రంగు పూత. ఒకాయన నిజంగానే ఆచారి దగ్గరికి తీసుకెళ్లి గీటురాయి మీద గీయించాడు. ఆ గీత మెడల్ మీద ఇప్పటికీ ఉంది, పిల్లాడు దాన్ని చూసి బాధపడతాడు.

ఒలింపిక్ స్వర్ణం కూడా మొత్తం బంగారం కాదు. పూర్తిగా బంగారంతో చేసినవి చివరగా ఇచ్చింది 1912లో, స్టాక్‌హోమ్‌లో. ఇప్పుడు లోపలంతా వెండి, పైన కనీసం 6 గ్రాముల బంగారం. టోక్యో పతకాలకు లోహాన్ని జపాన్ ప్రజలు ఇచ్చిన పాత సెల్‌ఫోన్లు, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామాన్ల నుంచి తీశారు. పారిస్ స్వర్ణం బరువు 529 గ్రాములు, మధ్యలో ఐఫిల్ టవర్ నుంచి తీసిన 18 గ్రాముల ఇనుప ముక్క.

టీవీలో గెలిచినవాళ్లు మెడల్ ఎందుకు కొరుకుతారు?

ఫొటోగ్రాఫర్లు అడుగుతారు కాబట్టి. పూర్వం బంగారు నాణేన్ని కొరికి మెత్తగా ఉందో లేదో చూసే అలవాటు నుంచి వచ్చిన పోజు అది. పిల్లల్ని కొరకనివ్వకండి. మన మెడల్స్ మీది పూత నోట్లోకి పోతుంది. 2010లో వాంకోవర్ శీతాకాల ఒలింపిక్స్‌లో జర్మనీ ఆటగాడు డేవిడ్ మోల్లర్ ఫొటో కోసం రజతాన్ని కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు.

సిల్వర్ వచ్చింది, మా అమ్మాయి రెండు రోజులుగా అన్నం తినట్లేదు. ఏం చెప్పాలి?

మొదటి రోజు ఏమీ చెప్పకండి. పక్కన కూర్చోండి. రెండో స్థానంలో ఆ బాధ సహజం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ విజేతల ముఖాలను వీడియోల్లో పరిశీలించిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, రజతం వచ్చినవాళ్లకన్నా కాంస్యం వచ్చినవాళ్లే సంతోషంగా ఉన్నారని 1995లో రాశారు. మూడో స్థానంలోవాళ్లు 'అమ్మయ్య, పతకం వచ్చింది' అనుకుంటారు. రెండో స్థానంలోవాళ్లకు తప్పిపోయిన స్వర్ణమే కనిపిస్తుంది.

తర్వాత కరణం మల్లీశ్వరి గురించి చెప్పండి. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి. 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమే. ఆ రోజు స్వర్ణం గెలిచిన చైనా అమ్మాయి, రజతం గెలిచిన హంగేరీ అమ్మాయి ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే. ఒకే బరువు. చైనా అమ్మాయి శరీర బరువు కొంచెం తక్కువ కాబట్టి అప్పటి నిబంధన ప్రకారం స్వర్ణం ఆమెకు. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ తేడా రెండున్నర కిలోలు. మల్లీశ్వరిని ఈ దేశం ఇప్పటికీ తలుచుకుంటుంది.

మూడో రోజు షూస్ తీసుకుని గ్రౌండ్‌కు పంపండి. మిగతాది నేను చూసుకుంటాను.

మెడల్ తిరుమల కొండకు తీసుకెళ్లి హుండీలో వేస్తామని మొక్కుకున్నాం. వేయచ్చా?

మీ మొక్కు మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. కానీ పిల్లవాడిని ఒక్కసారి అడగండి. మెడల్ వాడిది. మా దగ్గర ఒక పిల్ల మెడల్ మెడలో వేసుకుని అలిపిరి నుంచి మెట్లన్నీ ఎక్కి, స్వామిని చూసి, మెడల్‌తోనే దిగి వచ్చింది. వాళ్లమ్మ దాన్ని పూజగదిలో వెంకన్న ఫొటోకు తగిలించింది. ఒకసారి వాళ్లింటికి వెళ్తే చూశాను. 'ప్రథమ' అనే అక్షరాల సందుల్లో కుంకుమ చేరి ఎర్రగా గట్టిపడిపోయింది, రిబ్బన్ అంచున కర్పూరం మసి. రోజూ దీపం పెట్టేటప్పుడు పక్కకు జరుపుతుందట, తుడిచేది మాత్రం కూతురేనట.

మెడల్ రంగు పోయి నల్లబడింది. ఏం చేయాలి?

చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్ ఏవీ పెట్టకండి, ఉన్న పూత కూడా పోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, చెమట తగిలిన రిబ్బన్‌ను ఆరబెట్టి, కవర్‌లో పెట్టండి. నల్లబడినా పరవాలేదు.

## చదువుల్లో గోల్డ్

స్కూల్‌లో రాసిన ఒలింపియాడ్‌లో మా పాపకు గోల్డ్ మెడల్ వచ్చింది. అంటే ఇండియా ఫస్టా?

ఆ కాగితం మీద 'క్లాస్ టాపర్' అనో 'స్కూల్ టాపర్' అనో ఉందేమో చూడండి. ప్రైవేటు సంస్థలు పెట్టే చాలా పరీక్షల్లో ప్రతి స్కూల్లో, ప్రతి తరగతిలో ముందున్నవాళ్లకు గోల్డ్ ఇస్తారు. పాప తన తరగతిలో బాగా రాసింది, సంతోషపడండి, అంతవరకే చెప్పుకోండి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో గోల్డ్ అంటే మొదటి స్థానం కాదు. రెండు రోజుల్లో ఆరు లెక్కలు, మొత్తం 42 మార్కులు. పాల్గొన్నవాళ్లలో దాదాపు పన్నెండో వంతు మందికి స్వర్ణం ఇస్తారు. అక్కడ గోల్డ్ ఒక మెట్టు, ఆ మెట్టెక్కిన అందరికీ అదే మెడల్.

ఎస్వీ యూనివర్సిటీ స్నాతకోత్సవంలో ఇచ్చే గోల్డ్ మెడల్ కూడా ఇలాంటిదేనా?

పోలిక ఉంది, తేడా కూడా ఉంది. అది ఒక సబ్జెక్టులో ఆ బ్యాచ్‌లో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నందుకు. చాలా మెడల్స్ దాతలు తమ పెద్దల పేరుమీద పెట్టినవి. పరుగులో ఒక్క నిమిషంలో తేలిపోయేది అక్కడ ఏళ్ల తరబడి రాసిన పరీక్షల్లో తేలుతుంది.

## సీటు, ఉద్యోగం

మెడల్ ఉంది, సర్టిఫికెట్ తీసుకోలేదు. స్పోర్ట్స్ కోటాకు మెడల్ చూపిస్తే చాలదా?

చాలదు. ఏ ఆఫీసూ మెడల్‌ను చూసి మార్కులు వేయదు. సర్టిఫికెట్ మీద పేరు, పుట్టినతేదీ, ఈవెంట్, స్థానం, తేదీ, సంతకం, సీలు సరిగా ఉన్నాయో లేదో గ్రౌండ్ వదలక ముందే చూసుకోండి. పేరులో ఒక అక్షరం తప్పున్నా అక్కడే దిద్దించండి. పదో తరగతి మెమోలో ఉన్న స్పెల్లింగే ఉండాలి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థాయిని బట్టి వేరువేరు ఫారాలు అడుగుతారు. ఫారం 1 అంతర్జాతీయ పోటీలకు, ఫారం 2 జాతీయ పోటీలకు, ఫారం 3 అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు, ఫారం 4 జాతీయ పాఠశాల క్రీడలకు. జిల్లా గోల్డ్ ఒక్కదానితో అక్కడిదాకా వెళ్లలేరు, అది రాష్ట్ర జట్టుకు తలుపు తీస్తుంది. ఏ సీటుకు ఏ స్థాయి కావాలో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడండి. ఎవరో చెప్పింది నమ్మకండి, నేను చెప్పినా సరే.

2021లో గెలిచిన సర్టిఫికెట్ మీద చిత్తూరు జిల్లా అని ఉంది. ఇప్పుడు మాది తిరుపతి జిల్లా. చెల్లుతుందా?

చెల్లుతుంది. తిరుపతి జిల్లా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు గెలిచినవాళ్ల కాగితం మీద చిత్తూరు అనే ఉంటుంది, ఉండాలి కూడా. పెన్నుతో కొట్టేసి తిరుపతి అని రాయకండి. అలా దిద్దితేనే చెల్లకుండా పోతుంది.

## కొన్నేళ్ల తర్వాత

మా వాడు జిల్లా గోల్డ్ తెచ్చాక ఆట మానేశాడు. ఇన్నేళ్ల కష్టం వృథాయేనా?

ఎందుకవుతుంది? నా దగ్గర గోల్డ్ గెలిచిన పిల్లల్లో ఎక్కువమంది ఇంటర్ తర్వాత ఆపేసినవాళ్లే. ఒకబ్బాయి శ్రీకాళహస్తిలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నాడు. జిల్లా మీట్ వచ్చిందంటే ఆ ఒక్క రోజు షెడ్డు మూసి, ఫినిష్ లైన్ దగ్గర స్టాప్ వాచ్ పట్టుకుంటాడు. పిల్లల టైమింగ్ వాడు చెప్తే నేను రెండోసారి అడగను.

ముందొచ్చినవాళ్లు డోపింగ్‌లో దొరికితే వెనకవాళ్లకు గోల్డ్ వస్తుందా?

వస్తుంది, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత. 1988లో సియోల్‌లో 100 మీటర్లలో బెన్ జాన్సన్ మూడు రోజుల్లోనే పట్టుబడ్డాడు, స్వర్ణం కార్ల్ లూయిస్‌కు వెళ్లింది. కానీ ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన మెడల్‌లో స్టేడియం చప్పట్లు ఉండవు. అందుకే డోపింగ్‌ను నేను దొంగతనం అంటాను. మీ పిల్లలకు ఎవరైనా ఏ పౌడరైనా, ఏ ఇంజక్షనైనా ఇస్తామంటే ముందు నాకు చెప్పండి.

మెడల్ పోయింది. ఇంకోటి ఇస్తారా?

మెడల్‌కు డూప్లికేట్ సాధారణంగా ఇవ్వరు. సర్టిఫికెట్ పోతే మాత్రం పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో నిర్వహించిన సంఘానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఫలితాల షీట్ వాళ్ల దగ్గర ఉంటుంది. మీ పీఈటీ సార్ దగ్గర కూడా ఒక కాపీ ఉండొచ్చు, ముందు ఆయన్ను అడగండి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలైతే నేరుగా గ్రౌండ్‌కు రండి. 19 ఏళ్ల టైమింగ్స్ ఐదు పొడుగు నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఏ సంవత్సరమో చెప్తే పేజీ తీసి చూపిస్తాను.